నల్లమద్ది రాతబల్ల: అలలున్న చెక్కలో మెరుపు పోకుండా రంధ్రాలు పూడ్చడం ఎలా?

ప్రశ్న: గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. మా తాతగారి నాటి పెంకుటిల్లు విప్పినప్పుడు దిగిన నల్లమద్ది దూలాల్లో రెండింటిని ఇటీవల కోతమిల్లులో పలకలుగా కోయించాను. పైన పొగచూరి, సున్నం మరకలతో బూడిదరంగులో ఉన్న దూలం లోపల ఇంత అందమైన చెక్క ఉంటుందని నేను ఊహించలేదు. ముదురు గోధుమరంగు మీద నల్లని చారలు పొడవునా సాగుతున్నాయి. వాటికి అడ్డంగా వేలెడు వెడల్పున అలలు వరుసగా కనిపిస్తున్నాయి. పలకను కిటికీ దగ్గర పట్టుకొని కాస్త వంచితే, అంతవరకూ వెలుగుతున్న అల నల్లబడి, పక్కనున్న నల్లని అల వెలుగుతుంది. ఈ మెరుపు పోకుండా బల్ల చేయించుకోవాలన్నదే నా కోరిక.

పలకలను అతికించి నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల రాతబల్ల చేయించాలని నిశ్చయించుకున్నాను. దాని మీద ఒక్క కాగితం పరచుకొని రాసినా కలం ఎక్కడా దిగబడకూడదు కాబట్టి పైభాగం పూర్తిగా సమంగా ఉండాలి. ఈ చెక్క రంధ్రాలు పెద్దవి. గోటితో అడ్డంగా గీస్తే అడుగడుగునా గోరు తట్టుకుంటోంది. మాకు పాలిష్ పని చేసే మేస్త్రిగారు సుద్దపొడి, జాజుపొడి, సీలరు (పాలిష్‌కు ముందు చెక్కను మూసే పలుచని పూత) కలిపి లప్పం పట్టించి, ఆరాక రుద్ది, పైన పీయూ (పాలీయురేథేన్) పాలిష్ కొడదామంటున్నారు. ఆయన చేసిన టేకు తలుపులు నేను చూశాను, పనితనానికి వంక పెట్టడానికి లేదు. అయితే అలలున్న చెక్కకు కూడా అదే పద్ధతి సరిపోతుందా, లప్పం రంగు అలలను కప్పేస్తుందా అన్నది నా మొదటి సందేహం. రెండవది, చిత్రిక పడుతుంటే అల ఎక్కేచోట నున్నగా వచ్చి, దిగేచోట నార లేచి చిన్న చిన్న గుంటలు పడుతున్నాయి. వాటిని కూడా లప్పంతోనే పూడ్చవచ్చునా? మూడవది, పాత మేకులు దిగిన చోట్ల చుట్టూ నీలం కలిసిన నల్లని మచ్చలున్నాయి. ఈ పనిలో అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని ప్రార్థిస్తున్నాను.

జవాబు: పాత చిత్రిక

మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను. పూడ్చడం గురించి ఎంత మాట్లాడుకున్నా, అంతకుముందు చెక్క సిద్ధం కాకపోతే ఆ మాటలకు ప్రయోజనం లేదు.

నార లేచి పడిన గుంటలను లప్పంతో పూడ్చకండి. రంధ్రం చెక్కలో సహజంగా ఉన్న సన్నని గొట్టం. దాని అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటుంది. నార లేచిన చోట అలా ఉండదు, పోగులు చిరిగి, లోపలికి నలిగి, అడుగు గరుకుగా ఉంటుంది. అందులో ఏ పదార్థం పెట్టినా పాలిష్ పడగానే అది మచ్చగా తేలుతుంది. పైగా అలల చెక్కలో ఈ గుంటలు ఎక్కడో ఒకచోట కాక ప్రతి అల దిగువనా వరుసగా పడతాయి కాబట్టి, పూర్తయిన బల్ల మీద చూపు నేరుగా వాటి మీదికే పోతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. అల అంటే చెట్టు పెరిగేటప్పుడు నార నిటారుగా సాగక పైకీ కిందికీ ఊగుతూ పెరగడమే. పలకను సమంగా కోసినప్పుడు ఆ ఊగే నార ఒకచోట మనవైపు వాలి, మరొకచోట అవతలివైపు వాలి ఉంటుంది. చిత్రిక ఒక దిక్కున పోతున్నప్పుడు మొదటిచోట నారను కోస్తుంది, రెండవచోట నార కిందికి దూరి పెకలిస్తుంది. నల్లమద్దిలో అలలు లేని పలకలో సైతం నార పొరపొరకూ వాలు మార్చుకొని పెనవేసుకొని ఉంటుంది. అందువల్ల పలకను తిప్పి పట్టినా చిక్కు తీరదు, చోటు మారుతుందంతే.

చిత్రిక బ్లేడును కొత్తగా పదును పెట్టి, దాని మీద బిగించే పైరేకును బ్లేడు అంచుకు వెంట్రుకవాసి దూరంలోకి జరపండి. అప్పుడు లేచిన పొట్టు వెంటనే విరిగిపోతుంది కాబట్టి నారను ముందుకు చీల్చుకుపోయే బలం దానికి ఉండదు. పొట్టు వెలుతురు కనిపించేంత పలుచగా రావాలి. ఈ చెక్క టేకు కంటే బాగా బరువైనది, పనిముట్ల పదునును త్వరగా తినేస్తుంది. కాబట్టి మధ్యమధ్య ఆగి మళ్లీ పదును పెట్టుకోక తప్పదు. నార మొండికేసే చోట చివరి రెండు మూడు పట్లకు ముందు స్పిరిట్‌తో తడిపితే పోగులు మెత్తబడి తేలికగా తెగుతాయి.

ఆ తరువాతి పని స్క్రేపరుది. మన వడ్రంగులు విరిగిన రంపపు రేకుతోనో, పగిలిన గాజు ముక్కతోనో గీకే పని ఇదే. రేకు అంచును ఆకురాయితో సమం చేసి, గట్టి ఉక్కుకడ్డీతో ఒత్తి, కంటికి ఆనని మడత ఒకటి లేపాలి. ఆ మడతే కోస్తుంది. రేకు నుంచి పొడి రాలుతుంటే మడత అరిగిందని, సన్నని చుట్టలు రాలుతుంటే బాగుందని అర్థం. నార ఎటు వాలినా స్క్రేపరు పెద్దగా పట్టించుకోదు కాబట్టి అలల చెక్కకు ఇంతకు మించిన పనిముట్టు లేదు. ఒక్క గుంట దగ్గరే లోతుగా గీకకుండా చుట్టుపక్కల జానెడు మేర కలిపి దించుకుంటూ పోండి, లేకపోతే పాలిష్ తరువాత ఆ పల్లం కనిపిస్తుంది.

తరువాత సాండ్‌పేపరు 120, 180, 220 వరుసలో, గట్టి చెక్కదిమ్మకు చుట్టి, పొడవునా రుద్దండి. ఒక నంబరు వదిలిన గీతలు పూర్తిగా పోయాకే తరువాతి నంబరు పట్టాలి. గది దీపాలన్నీ ఆర్పి, ఒకే దీపాన్ని పలక పక్కన, దాదాపు దాని ఎత్తులోనే పెట్టి చూస్తే గీతలు, గుంటలు నీడలు వేసి తమను తామే చూపిస్తాయి. పై నుంచి వచ్చే వెలుతురులో ఇవేవీ కనిపించవు. చివరగా తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే నలిగిన పోగులు లేచి నిలబడతాయి. వాటిని 220తో తేలికగా, కొత్త పేపరుతో తీసేయండి.

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసే పని రంధ్రాలను శుభ్రం చేయడం. రుద్దిన పొడి రంధ్రాల్లో కూరుకుపోయి ఉంటుంది. దాని మీద పూడిక పెడితే అది గోడను పట్టుకోక, పొడి మీద మూతలా కూర్చొని, కొన్ని నెలలకు కుంగుతుంది. గట్టి కుచ్చుబ్రష్షుతో నార పొడవునా దువ్వి, వాక్యూమ్‌తో లాగేయండి. తీగబ్రష్షు వాడవద్దు, ఇనుప తీగ ముక్క ఒక్కటి మిగిలినా తడి తగలగానే నల్లమచ్చ పుడుతుంది.

ఆ మాట మీ మూడవ సందేహానికి దారి తీస్తుంది. నల్లమద్దిలో వగరు పదార్థం ఎక్కువ. ఇనుము, తేమ, వగరు కలిస్తే నలుపు వస్తుంది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపి సిరా కాచినా, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప కసిం ఊటతో (ఇనుము ఊరబెట్టిన ద్రవంతో) నల్లని గీత గీసినా జరిగేది ఇదే చర్య. కరక్కాయ, నల్లమద్ది వృక్షశాస్త్రం ప్రకారం ఒకే ప్రజాతికి చెందిన చెట్లు కూడా. ముందుగా అయస్కాంతంతో పలకలన్నీ వెతికి, విరిగిన మేకు ముక్కలుంటే తీయించండి. మచ్చలు తగ్గించాలంటే ఆక్సాలిక్ యాసిడ్ స్ఫటికాలను గోరువెచ్చని నీటిలో, లీటరుకు 50 నుంచి 60 గ్రాముల చొప్పున కరిగించి, మచ్చ మీద మాత్రమే కాక పలకంతటా పట్టించండి, లేకపోతే శుభ్రపడిన చోటే వేరే రంగులో కనిపిస్తుంది. అది విషం, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తరువాత మంచినీటితో చాలాసార్లు కడిగి తుడిచి, పూర్తిగా ఆరాక, ముక్కుకు మాస్కు కట్టుకొనే సాండ్‌పేపరు పట్టాలి. నా వరకు నేనైతే, మేకు మచ్చ అంచుల్లో లేకుండా నల్లచారల్లో కలిసిపోయి ఉంటే దాన్ని అలాగే ఉంచుతాను. అది ఆ ఇంటి గుర్తు.

జవాబు: లక్కపని

పాత చిత్రిక గారు చెప్పిన తయారీ అంతటితోనూ ఏకీభవిస్తూ, పూడిక గురించి రాస్తున్నాను.

మేస్త్రిగారి పద్ధతి టేకు తలుపుకు పనిచేస్తుంది, మీ బల్లకు పనిచేయదు. కారణం లప్పంలో ఉంది తప్ప ఆయన చేతిలో లేదు. సుద్దపొడి నూనెలోనో జిగురులోనో పూర్తిగా మునిగి ఉన్నంతకాలం కాస్త పారదర్శకంగానే ఉంటుంది. సీలరులో ఎక్కువ భాగం థిన్నరే. అది ఎగిరిపోగానే మిగిలిన కొద్దిపాటి రెసిన్ సుద్ద రేణువుల మధ్య ఖాళీలను నింపలేదు. ఆ ఖాళీల్లో గాలి చేరి రంధ్రం తెల్లగా తేలుతుంది. ఐరోపాలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రంధ్రాలు పూడ్చిన పాత మహోగని సామాను కాలక్రమంలో రంధ్రాల్లో తెల్లబడటం పాలిష్ పనివారికి బాగా తెలిసిన విషయం. ఈ తెలుపును దాచడానికే జాజు కలుపుతారు. జాజు ఎరుపు, మీ చెక్కలో ఎరుపు ఎక్కడా లేదు.

రెండవ ఇబ్బంది ఇంకా ముఖ్యమైనది. సీలరు లప్పం నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి దాన్ని తడి మీద తుడిచేయడం కుదరదు, రుద్ది తీయాలి. ఒట్టి చెక్క మీద పెట్టి రుద్దితే సుద్ద, రంగు రెండూ రంధ్రాల్లోనే కాక రంధ్రాల మధ్యనున్న నారలోకి కూడా ఎక్కుతాయి. అల మెరిసేది ఆ నార మీదనే. నార ఒక అలలో పడుకొని ఉంటుంది, పక్క అలలో కొసలు పైకి చూపి ఉంటుంది. పడుకొన్నచోట వెలుతురు తిరిగి కంటికి కొడుతుంది, కొసలున్నచోట లోపలికి ఇంకుతుంది. మీరు కదిలినప్పుడు అవి తారుమారు కావడమే ఆ మెరుపు. కొసలున్నచోట రంగుపొడి ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక లప్పం తరువాత ఆ అల ఎటు చూసినా నల్లగానే ఉండిపోతుంది. చారలు ఉంటాయి, మెరుపు ఉండదు. అందుకే అలల చెక్కలో ఒకే ఒక్క సూత్రం పాటించాలంటాను: పూడిక రంధ్రంలోనే ఉండాలి, రంధ్రాల మధ్యనున్న చెక్కను తాకకూడదు.

దానికి మార్గం ముందుగా పలుచని లక్క పూత వేయడం. లక్క రేకులను లీటరు స్పిరిట్‌కు 100 నుంచి 120 గ్రాముల చొప్పున నానబెట్టి కరిగించండి. మన బజారులో దొరికే రేకుల్లో సాధారణంగా మైనం ఉంటుంది. గాజుసీసాలో కదపకుండా కొన్ని రోజులు ఉంచితే అది అడుగున మబ్బుగా పేరుకుంటుంది. పైన తేరిన ద్రవాన్ని మాత్రమే నిదానంగా వంచుకోండి. మైనం ఉంటే దాని మీద పీయూ సరిగా పట్టదు. ఈ పలుచని లక్కను మెత్తని గుడ్డతో ఒకటి రెండు సార్లు చకచకా పూస్తే నార మూసుకుంటుంది, రంధ్రాలు మాత్రం తెరుచుకొనే ఉంటాయి. ఇంతకంటే చిక్కగా పూస్తే రంధ్రాల గోడలు నునుపెక్కి పూడిక నిలవదు. ఆరాక 320 పేపరుతో ఒకటి రెండుసార్లు నిమిరితే చాలు, గట్టిగా రుద్దితే లక్క తెగి మళ్లీ నార బయటపడుతుంది.

ఇక పూడిక. సుద్దకు బదులు మెత్తని క్వార్ట్‌జ్ పొడి తీసుకోండి. నూనెలో తడిస్తే అది దాదాపు కనిపించకుండా పోతుంది, ఆరాక కుంగడం కూడా తక్కువ. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి కలిపేటప్పుడు, తరువాత రుద్దేటప్పుడు మాస్కు ఉండాలి. దాన్ని మరిగించిన అవిసె నూనెతో కలిపి, బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుపొడి, చిటికెడు నల్లరంగు చేర్చి, టర్పెంటైన్‌తో చిలికిన పెరుగంత చిక్కదనానికి తెచ్చుకోండి. రంగును ఎంచుకొనేటప్పుడు చెక్క సగటు రంగుతో పోల్చకండి, అందులోని అతి నల్లని చారతో పోల్చండి. చెక్క కంటే లేతగా ఉన్న పూడిక దుమ్ములా కనిపిస్తుంది, ముదురుగా ఉన్నది చెక్కలో పుట్టిన గీతలా కలిసిపోతుంది. ఈ పోలికను పలకను స్పిరిట్‌తో తడిపి చూసుకోవాలి, ఎందుకంటే పాలిష్ కింద చెక్క ముదురుతుంది.

ఒకసారికి రెండు చదరపు అడుగులకు మించకుండా పట్టించి, గట్టి బ్రష్షుతో ముందు అడ్డంగా, తరువాత ఏటవాలుగా కూరండి. కాసేపటికి పైతడి పోయి మెరుపు తగ్గుతుంది. అప్పుడే గోనెగుడ్డతో నారకు అడ్డంగా తుడవాలి. పొడవునా తుడిస్తే రంధ్రంలో ఉన్నది కూడా గుడ్డతో వచ్చేస్తుంది. మరీ త్వరపడితే రంధ్రాలు ఖాళీ అవుతాయి, ఆలస్యమైతే పైన గట్టిపడిన పొర వదలదు. ఆ సమయాన్ని ముక్క మీద చూసి తెలుసుకోవలసిందే. పలకలో ముడి దగ్గర నార సుడి తిరిగిన చోట అడ్డం, పొడవు అనేవి ఉండవు, రంధ్రాలు నేరుగా లోపలికి దిగి ఉంటాయి. అక్కడ గుడ్డ బదులు పాత ప్లాస్టిక్ కార్డుతో నొక్కుతూ లాగండి.

నూనె తడిసిన గోనెగుడ్డలను కుప్పగా వేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, కుప్పలో ఆ వేడి చేరి దానంతటదే నిప్పు అంటుకుంటుంది. ఆరుబయట విడివిడిగా పరిచి, ఎండాకే పారేయండి.

జవాబు: తీగల కొయ్య

నేను బెంగళూరులో గిటార్లు చేస్తుంటాను. వాటి వెనుక పలకలకు జిట్రేగి వాడతాం, దాని రంధ్రాలు కూడా నల్లమద్ది రంధ్రాల్లాగే కంటికి ఆనుతాయి. లక్కపని గారి సూత్రం సరైనదే. అయితే రంగు లేని పూడికను పరిశీలించమని సూచిస్తాను, ఎందుకంటే రంగే లేనప్పుడు అది నార మీద నిలిచిపోయి మెరుపును కప్పే భయం కూడా ఉండదు.

మొదటి మార్గం ప్యూమిస్ పొడి, అంటే తేలికైన అగ్నిపర్వత శిల పొడి. ఫ్రెంచ్ పాలిష్ చేసేవారి పాత పద్ధతి ఇది. పలుచని లక్క పూత వేశాక, దూదిని నూలుగుడ్డలో చుట్టిన ఉండను స్పిరిట్‌తోనూ, కాస్త లక్కతోనూ తడిపి, అతి మెత్తని ప్యూమిస్ పొడి చిటికెడు చల్లి గుండ్రంగా రుద్దుతారు. ఆ పొడి చెక్కను అణుమాత్రం అరగదీసి, ఆ చెక్కపొడిని లక్కతో కలిపి రంధ్రంలోకి తోస్తుంది. నల్లచారలో నల్లపొడి, గోధుమచారలో గోధుమపొడి ఎక్కడిదక్కడే నిండుతాయి కాబట్టి రంగు కలపవలసిన అవసరమే ఉండదు. అలల చెక్క మీద దీని అందం మరే పూడికకూ రాదని నా నమ్మకం. కానీ పొడి ఎక్కువై స్పిరిట్ తక్కువైతే ముదురు చెక్కలో తెల్లచుక్కలు మిగులుతాయి, పైగా పది చదరపు అడుగుల బల్ల మీద ఇది భుజాలు పడిపోయే పని.

రెండవది ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. నిదానంగా గట్టిపడే, నీళ్లలా పలుచని రకం తీసుకొని ప్లాస్టిక్ కార్డుతో ఏటవాలుగా లాగుతూ రంధ్రాల్లోకి నొక్కాలి. పైన నిలిచినదంతా కార్డుతోనే తీసేయాలి. దీనిలో ఎగిరిపోయే ద్రవం దాదాపు ఉండదు కాబట్టి పూడిక కుంగదు. ఈ పనిని చల్లబడుతున్న సాయంత్రం పూట చేయండి. ఉదయం చేస్తే పగటి వేడికి చెక్కలోని గాలి వ్యాకోచించి రంధ్రాల నుంచి బుడగలుగా పైకి తన్నుతుంది. సాయంత్రమైతే అదే గాలి కుంచించుకుంటూ జిగురును లోపలికి లాక్కుంటుంది. మన ఎండల్లో కలిపిన ఎపాక్సీ గిన్నెలోనే త్వరగా బిగుస్తుంది కనుక కొద్దికొద్దిగా కలుపుకోండి. గట్టిపడ్డాక పైన జిడ్డు పొర తేలితే నీళ్లతో కడిగి ఆరాకే రుద్దాలి, లేకపోతే సాండ్‌పేపరు ముద్దకడుతుంది, పైపూత కూడా పట్టదు.

ఎపాక్సీని స్క్రేపరుతో చెక్క దాకా దించేటప్పుడు ఒక జాగ్రత్త. కొంతచోట చెక్క బయటపడి, కొంతచోట పలుచని ఎపాక్సీ పొర మిగిలితే, పైపూత ఒక్కోచోట ఒక్కోలా ఇంకి మచ్చలు పడతాయి. పూర్తిగా దించి మళ్లీ ఒక పలుచని చేయి (పూత) పలకంతటా లాగండి, లేదా మొదటి నుంచీ సమమైన పొర వదిలేయండి. మధ్యలో ఆపకండి.

ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్క్రేపరుతో ఒక పలకను సిద్ధం చేసి చూశాను, అల దిగువన గుంటలు పోయాయి. ఇప్పుడు నా ముందున్నవి మూడు మార్గాలు: రంగు కలిపిన క్వార్ట్‌జ్ పూడిక, ప్యూమిస్, ఎపాక్సీ. పైన పీయూ పాలిష్ ఖాయం, ఎందుకంటే బల్ల మీద వేడి కాఫీ గ్లాసులు పెట్టే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది. మేస్త్రిగారు కూడా చర్చ చదివించుకొని, మీరు ఏది చెబితే అది ప్రయత్నిస్తానన్నారు. వీటిలో దేన్ని ఎంచుకోవాలి, వానాకాలం రాబోతోంది కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టవచ్చా?

జవాబు: లక్కపని

కాఫీ గ్లాసుల విషయం చెప్పి మంచి పని చేశారు. లక్క మీద వేడి గ్లాసు పెడితే తెల్లని వలయం పడుతుంది. కనుక లక్కను కింది పూతగా మాత్రమే వాడుకొని పైన పీయూ వేయాలన్న మీ నిర్ణయం సరైనది. ఆ లెక్కన ప్యూమిస్ పద్ధతి ఈ బల్లకు వద్దంటాను. అంత శ్రమపడి నింపిన లక్క పూడిక మీద, ద్రావకం ఘాటుగా ఉండే, రెండు డబ్బాలవి కలిపి వాడే రకం పీయూను మందంగా కొడితే అది మెత్తబడి కుంగే ప్రమాదముంది. వీణకో గిటారుకో, పైన కూడా లక్కే వేసే వస్తువుకో ఆ శ్రమ దక్కుతుంది.

క్వార్ట్‌జ్ పూడిక, ఎపాక్సీ రెండూ మీకు పనికివస్తాయి. నా మొగ్గు క్వార్ట్‌జ్ వైపే. ఎప్పుడైనా బల్ల మీద గీత పడి ఆ మేరకు పాలిష్ తీసి మళ్లీ వేయవలసి వస్తే నూనె పూడికను ఏ మేస్త్రి అయినా సరిచేయగలడు. ఎపాక్సీ పొర తెగినచోట అతుకు కనిపించకుండా చేయడం కష్టం. పైగా ఈ చెక్కలో నల్లచారలు ఉన్నందువల్ల ముదురు రంధ్రాలు దానికి నప్పుతాయి. లేత రంగు చెక్క అయితే నేను ఎపాక్సీకే ఓటు వేసేవాణ్ని.

ఏదైనా బల్ల మీద పెట్టకముందు, అదే పలక నుంచి కోసిన ముక్కను బల్లకు చేసినట్టే స్క్రేపరు, సాండ్‌పేపరు అన్నీ పట్టి, మధ్యలో గీత గీసి, సగానికి లక్క పూయండి, సగం ఒట్టిగా వదలండి. రెండు సగాలకూ ఒకే పూడిక పెట్టి తుడిచి, ఆరాక టర్పెంటైన్‌తో తడిపి, పక్కన దీపం పెట్టి దాని చుట్టూ నడవండి. మీరు కదులుతుంటే అలలు తారుమారవుతూ ఉంటే పూడిక రంధ్రాల్లోనే ఉందని తెలుస్తుంది. ఏదైనా అల మీరు ఎటు నుంచి చూసినా అదే నలుపుతో నిలిచిపోతే అక్కడ రంగు నారలోకి దిగినట్టే. లక్క పూసిన సగంలో కూడా అలా కనిపిస్తే, లక్క మరొక చేయి కావాలి. మేస్త్రిగారికి కూడా ఈ ముక్క చూపించండి. నోటిమాట కంటే ఇది తేలికగా నమ్మకం కలిగిస్తుంది.

వానాకాలం గురించి: నూనె పూడిక మామూలు రోజుల్లో రెండు మూడు రోజులకు ఆరితే, గోదావరి జిల్లాల ముసురులో వారం దాటవచ్చు. ఆరిందో లేదో గోటితో నొక్కి, వాసన చూసి తేల్చుకోండి. నూనె వాసన ఇంకా ఉంటే ఆరలేదు. పచ్చి పూడిక మీద పీయూ కొడితే ముడతలు పడుతుంది. మొదటి పూడిక ఆరాక గోటితో గీసి చూస్తే ఇంకా కొన్నిచోట్ల తట్టుకుంటుంది. కాబట్టి మరొక పలుచని చేయి పెట్టడం దాదాపు తప్పనిసరి. రెండవది కూడా ఆరాక మైనం తీసిన లక్కను మళ్లీ ఒక చేయి పూసి, దాని మీద పీయూకు వెళ్లండి. ఆ లక్క పొర నూనెకూ పీయూకూ మధ్య గోడలా నిలుస్తుంది. స్పిరిట్, థిన్నర్ కలిసే పూతలు తేమ గాలిలో తెల్లబడతాయి, కనుక లక్కను ముసురు రోజున పూయవద్దు, ఎండ కాసిన మధ్యాహ్నం చూసుకోండి. వీలుంటే ఇప్పుడు చెక్కపని అంతా ముగించి, పలకలను గదిలో గాలి ఆడేలా కర్రల మీద పేర్చి ఉంచి, పూడికను వానలు వెనకబట్టాక మొదలుపెట్టమని నా సలహా.

జవాబు: పాత చిత్రిక

ఆ చివరి సలహాను బలపరుస్తూ ఒక్క మాట చేరుస్తాను. దూలం ఎంత పాతదైనా, కోసినప్పుడు దాని లోపలి చెక్క మొదటిసారి గాలికి తగులుతుంది, కొన్ని వారాలపాటు కాస్త కదులుతుంది. ఆ కదలికంతా ముగిశాక స్క్రేపరుతో మరొక్కసారి సమం చేసి పూడిక పెడితే, అతుకుల దగ్గర మెట్టు రాదు. పలకలను తిరగేసి అడుగు భాగానికి కూడా లక్క, పీయూ చేతులు పైభాగానికి వేసినన్నే వేయించండి; పైన మాత్రమే మూసి అడుగు ఒట్టిగా వదిలితే వానాకాలంలో అడుగు తేమ పీల్చుకొని పలక వంగుతుంది.

పీయూ మెరుపు విషయంలో మేస్త్రిగారిని పూర్తి మెరుపు కాకుండా సగం మెరుపు రకం తెమ్మనండి. పూడిక ఎంత బాగా పెట్టినా మొదటి ఏడాదిలో అణువంత కుంగుతుంది. పూర్తి మెరుపులో ఆ కుంగిన రంధ్రాలు దీపం వెలుతురుకు వరుసగా కనిపిస్తాయి, సగం మెరుపులో కనిపించవు. అలల మెరుపు చెక్కలోనిది కనుక దానికి పైపూత మెరుపుతో పని లేదు. చివరి చేయి వేశాక రెండు మూడు వారాలు బల్ల మీద ఏమీ పెట్టకుండా ఉంచి, ఆ తరువాతే వాడుకలోకి తెచ్చుకోండి.